తోక వంచితే విరుగుతోంది: ఇగ్వానోడాన్ మోడల్ డైరీ

1వ రోజు

చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన పని ఇవాళ మొదలుపెట్టాను. బల్ల మీద ఓ చెక్క పలక, రెండు మందాల ఇనుప తీగ, కటింగ్ ప్లయర్, పక్కన బకెట్లో నానుతున్న పాత పేపర్లు. చేయబోయేది ఇగ్వానోడాన్ అనే డైనోసార్ అస్థిపంజరం. చర్మం, రంగు, కళ్ళు ఏవీ ఉండవు. ఉత్త ఎముకలే.

స్కేలు 1:12. నిండుగా పెరిగిన జంతువు 9 మీటర్లు అనుకుంటే నా బొమ్మ 75 సెంటీమీటర్లు వస్తుంది. అంతకంటే పెద్దదైతే పెట్టడానికి చోటు లేదు. చిన్నదైతే వేలి ఎముకలు ఆవగింజలంత అయిపోతాయి, వాటిని పట్టుకునే ఓపిక నా వేళ్ళకు లేదు.

టీ-రెక్స్ చేయొచ్చు కదా అని ఇంట్లో అన్నారు. టీ-రెక్స్ అందరూ చేస్తారు. ఇగ్వానోడాన్ మీద నాకు మోజు ఎందుకంటే, శాస్త్రవేత్తలు దాన్ని ఒక్కో తరంలో ఒక్కో రకంగా నిలబెట్టారు. గిడియన్ మాంటెల్ అనే ఇంగ్లిష్ డాక్టరు కొన్ని పళ్ళ శిలాజాలు చూసి, ఇవి ఇగ్వానా బల్లి పళ్ళలాగే ఉన్నాయని 1825లో ఈ పేరు పెట్టాడు. అప్పటికి డైనోసార్ అనే మాటే లేదు. రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ఆ మాట పుట్టించింది 1842లో. మాంటెల్ ఊహలో అది భారీ బల్లి. ఓవెన్ ఊహలో ఖడ్గమృగంలా నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ బండ జంతువు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి కంగారూలా తోక ఆన్చి నిటారుగా నిలబడింది. ఇప్పుడేమో వీపు నేలకు అడ్డంగా, తోక గాల్లో.

నేను చేయదలుచుకున్నది కంగారూ భంగిమ. అది తప్పని తెలుసు. అయినా ఎందుకంటే, రెండు కాళ్ళు, ఒక తోక కలిస్తే ముక్కాలిపీట. బొమ్మ దానంతట అదే నిలబడుతుంది, స్టాండు బాధ ఉండదు. పైగా చిన్నప్పుడు బొమ్మల పుస్తకంలో చూసిన ఇగ్వానోడాన్ అలాగే ఉండేది. నా మనసులో అదింకా అలాగే నిలబడి ఉంది.

3వ రోజు

వెన్నుపూసలు. మెడలో 11, వీపులో 17, తుంటి దగ్గర ఒకదానికొకటి అతుక్కుపోయినవి 8, తోకలో యాభైకి అటూ ఇటూ.

నానిన పేపర్‌ను మిక్సీలో తిప్పి, బట్టలో వేసి గట్టిగా పిండి, తెల్ల జిగురు, సుద్దపొడి కలిపి పిసికాను. ముద్ద చేతికి అంటుకోకుండా విడిపోయేదాకా పిసకాలి. మొదట ఒక్కో పూసనూ విడిగా ఉండ చేసి దబ్బనంతో బెజ్జం పెట్టాను. పది అయ్యేసరికి ఒక్కటీ ఒక్క సైజులో లేదు. తోక పూసలు ముందు నుంచి వెనక్కి క్రమంగా సన్నబడాలి, ఈ లెక్కన ఎప్పటికీ కుదరదు.

మరో దారి దొరికింది. ముద్దను తీగ చుట్టూ పొడుగాటి వత్తిలా పాముకుంటూ పోయి, ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా చేశాను. సగం ఆరాక, అంటే గోటితో నొక్కితే గుంట పడాలి గానీ తడి అంటకూడదు, ఆ దశలో బ్లేడుతో బిళ్ళల్లా కోశాను. తీగ లాగేస్తే బెజ్జాలతో సహా పూసలు రెడీ. సైజు దానంతట అదే తగ్గుకుంటూ వచ్చింది. ప్రతి దాని కింద పెన్సిల్‌తో నంబరు వేశాను. ఇవాళ నేను చేసిన తెలివైన పని ఏదైనా ఉంటే అదొక్కటే.

6వ రోజు

బూజు!

మూడు రోజులుగా ముసురు, ఎండ మొహం చూడలేదు. అట్టపెట్టెలో ఆరబెట్టిన పూసల మీద తెల్లగా నూగు. ఇరవై దాకా పారేయాల్సి వచ్చింది. మిగిలినవి తుడిచి, కొత్త ముద్దలో నాలుగు చుక్కల లవంగ నూనె వేశాను.

లవంగ నూనె ఆలోచన నాది కాదు. 1878లో బెల్జియంలోని బెర్నిస్సార్ అనే ఊళ్ళో, బొగ్గు గనిలో 322 మీటర్ల లోతున పనివాళ్ళకు ఏవో మొద్దులు తగిలాయి. చెట్టు మొద్దులనుకున్నారు. తీరా చూస్తే ఎముకలు. 30కి పైగా ఇగ్వానోడాన్లు, కొన్ని దాదాపు పూర్తి అస్థిపంజరాలు. అంతకుముందు ఏ డైనోసార్ విషయంలోనూ ఇంత సంపద ఒకేచోట బయటపడలేదు. గనిలో ఉన్నంతకాలం గట్టిగానే ఉన్న ఎముకలు, పైకి తెచ్చి గాలి తగలగానే పగిలి పొడి కావడం మొదలెట్టాయి. కారణం పైరైట్. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది. ఎముకలోని సందుల్లో నిండిపోయి ఉంది. తేమ, ఆక్సిజన్ తగిలితే అది వేరే లవణంగా మారి ఉబ్బుతుంది, ఉబ్బి ఎముకను లోపలి నుంచి చీలుస్తుంది.

ఆ పని చూసిన లూయీ ద పావ్ ఎముకల్ని మరిగే జెలటిన్‌లో నానబెట్టి, చెడిపోకుండా అందులో లవంగ నూనె కలిపాడు. కంటికి కనిపించిన పైరైట్‌ను గీకేసి, విరిగిన చోట్ల కాగితం గుజ్జుతో పూడ్చాడు. అవును, కాగితం గుజ్జే. అది చదివాక నా బకెట్ మీద నాకు గౌరవం పెరిగింది. పాపం, ఆయన పూత తేమను లోపలే బంధించేసింది, దాంతో ఎముకల జబ్బు ఇంకా చాలాకాలం సాగింది. 1930ల్లో మళ్ళీ అన్నిటినీ విప్పి కొత్తగా మందు పట్టించాల్సి వచ్చింది.

నేను మాత్రం పూర్తిగా ఆరకుండా ఏ పూసకూ వార్నిష్ తగలనివ్వకూడదని రాసి గోడకు అంటించుకున్నాను.

9వ రోజు

తుంటి, కాళ్ళు. తుంటి ఎముకను అట్టతో కత్తిరించి పైన ఎపాక్సీ పుట్టీ పూశాను. తొడ ఎముక అసలుది మీటరు లెక్కన తీసుకుంటే నాకు 8 సెంటీమీటర్ల పైచిలుకు. దాని వెనక వైపు, నడిమధ్యన ఒక మొటిమలాంటి ఎత్తు ఉంటుంది. శరీర నిర్మాణం చదివేవాళ్ళు దాన్ని నాలుగో ట్రోకాంటర్ అంటారు. చిన్నదే కదా, వదిలేద్దామనుకున్నాను. మళ్ళీ మనసొప్పక పుట్టీతో పెట్టాను. తోక మొదలు నుంచి వచ్చే పెద్ద కండరం పట్టుకునేది అక్కడే. ఆ కండరం లాగితేనే కాలు వెనక్కి వెళ్ళేది, జంతువు ముందుకు కదిలేది.

పాదానికి మూడు వేళ్ళు. త్వరగానే అయింది.

11వ రోజు

తల. దీని గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. గుర్రం మొహంలా పొడుగ్గా వచ్చింది, రావాల్సిందీ అలాగే. ముందు పళ్ళు లేని ముక్కు, వెనక బుగ్గల్లో ఆకులు నమిలే పళ్ళ వరస. పళ్ళు విడివిడిగా చేయలేదు. పుట్టీ మీద దువ్వెనతో గీతలు పెట్టాను, దూరం నుంచి చూస్తే చాలు.

12వ రోజు

చెయ్యి చేస్తుంటే రోజంతా గడిచిపోయింది, విసుగు మాత్రం రాలేదు. మధ్య మూడు వేళ్ళు ఒక కట్టలా దగ్గరగా ఉండి, చివర గోళ్ళ బదులు గిట్టల్లాంటి మొద్దు ఎముకలు. చిటికెన వేలు మాత్రం సన్నగా, విడిగా, దేన్నైనా చుట్టి పట్టుకునేటట్టు. మణికట్టు ఎముకలన్నీ కలిసిపోయి ఒక దిమ్మ. ఇక బొటనవేలు ఉన్నచోట ఒక మేకు. శంఖు ఆకారంలో, అడ్డంగా పక్కకు పొడుచుకుని ఉంటుంది.

ముందు ఒక్క మేకే చేశాను. అది ఆరుతుండగా సరదాకు తీసి పుర్రె ముక్కు మీద పెట్టి చూశాను. భలే కుదిరింది! ఖడ్గమృగమే. మాంటెల్ కూడా తన బొమ్మలో దాన్ని ముక్కు మీదే పెట్టాడు. జనం ఇప్పటికీ దానికి నవ్వుతారు గానీ, నేను నవ్వలేను. జంతువు శరీరంలో జతగా లేని భాగం ఎక్కడుంటుంది? నడిమి గీత మీద. ఒకే మేకు దొరికినవాడు దాన్ని ముక్కు మీద కాక ఎక్కడ పెడతాడు? బెర్నిస్సార్‌లో చేతులకు అతుక్కునే ఉన్న మేకులు, కుడికొకటి ఎడమకొకటి కనబడ్డాక గానీ సంగతి తేలలేదు.

1854లో లండన్ క్రిస్టల్ పాలెస్ తోటలో పెట్టిన ఇగ్వానోడాన్ విగ్రహానికి కూడా ముక్కు మీదే కొమ్ము. దాన్ని కట్టిన వాటర్‌హౌస్ హాకిన్స్ ఆ ఒక్క విగ్రహానికే ఎంత సామాను పట్టిందో లెక్క చెప్పాడు: 600 ఇటుకలు, 38 పీపాల సిమెంటు, ఇంకా బోలెడు పెంకులు, రాయి. కడుతుండగా, 1853 డిసెంబర్ 31 రాత్రి ఆ ఇగ్వానోడాన్ అచ్చులోనే బల్ల వేసి పెద్దమనుషులకు విందు కూడా ఇచ్చాడు. నా దానిలో చీమలకు ఇవ్వొచ్చు.

15వ రోజు

బిగింపు. చెక్కతో ఒక గోలు పోస్టులాంటి చట్రం చేసి, తల, భుజాలు, తుంటి, తోక నాలుగు చోట్లా దారాలు కట్టి వేలాడదీశాను. దారం పొడుగు మారుస్తూ పోతే భంగిమ మారుతుంది. 1882లో మొదటి బెర్నిస్సార్ అస్థిపంజరాన్ని నిలబెట్టినప్పుడూ ఇదే పద్ధతి: పెద్ద చట్రం కట్టి, ఎముకల్ని తాళ్ళతో వేలాడదీసి, సరిగ్గా కుదిరాక ఇనుప కమ్మీలు బిగించారు. ఆ పనిలో శాస్త్రీయ సంగతులు చూసిన లూయీ డోలో, పోలిక కోసం కాసోవరీ పక్షి అస్థిపంజరాన్నీ, వాలబీ అస్థిపంజరాన్నీ దగ్గర పెట్టుకున్నాడు. వాలబీ అంటే చిన్న కంగారూ లాంటిది. అందుకే ఆ నిలువు భంగిమ.

సాయంత్రానికి నాదీ అలాగే నిలబడింది. వెన్ను ఏటవాలుగా పైకి, తోక మొదట్లో ఒక మలుపు తిరిగి నేల మీదికి. దారాలు ఒక్కొక్కటే కోశాను. పడలేదు. మా అక్క కొడుకు వచ్చి చూసి, "మామయ్యా, ఇది ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది" అన్నాడు. నిజంగానే అలా ఉంది.

17వ రోజు

ఒక పని మిగిలిపోయింది, టెండాన్లు.

కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీలను టెండాన్లు అంటారు. మామూలుగా అవి కుళ్ళిపోతాయి, శిలాజంలో మిగలవు. కానీ ఇగ్వానోడాన్‌లో వీపు పొడుగునా, తోకలో చాలా దూరం దాకా అవి జంతువు బతికుండగానే ఎముకగా గట్టిపడిపోయాయి. సన్నటి కడ్డీల్లా, వెన్ను ముళ్ళకు రెండు పక్కలా, ఒక వరస ఇటు వాలి, దాని మీద ఇంకో వరస అటు వాలి, అచ్చం తడిక అల్లినట్టు ఉంటాయి. బెర్నిస్సార్ ఎముకల్లో స్పష్టంగా కనిపిస్తాయి. అవి లేకుండా ఇగ్వానోడాన్ అనిపించుకోదు.

చీపురు ఈనెల్ని బ్లేడుతో నిలువునా చీల్చి, రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, పట్టకారుతో ఒక్కోటీ అతికించడం మొదలెట్టాను. వీపు మీద సాఫీగా సాగింది. తోక మొదట్లో, ఆ మలుపు దగ్గర ఆగిపోయింది. ఈనె నిటారుగా ఉంటుంది, కింద వెన్ను గుంట తిరిగి ఉంది. ముందు చివర అంటిస్తే వెనక చివర లేస్తుంది, వెనకది నొక్కితే ముందుది ఊడుతుంది. రెండూ నొక్కి పట్టుకుంటే మధ్యలో టప్‌మని విరుగుతుంది.

నాలుగు ఈనెలు విరిగాక ఇంకో దారి చూశాను. తోకను తిన్నగా చేసి, తడిక మొత్తం అల్లి, జిగురు ఆరాక మళ్ళీ వంచుదామని.

18వ రోజు

రాత్రంతా ఆరింది. పొద్దున్నే రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకి వంచాను. నిన్నటిదాకా తీగ ఎటు వంచితే అటు వంగేది, తీగకు అభిప్రాయాలుండవు. ఇవాళ వంగలేదు. ఇంకొంచెం బలం పెట్టాను. ఈనెలు విల్లులా బయటికి ఉబ్బాయి. ఒక్క క్షణం అలాగే ఆగి, వరసగా టప్ టప్ టప్. ఆరేడు ముక్కలు ఎగిరి బల్ల కింద పడ్డాయి. తోక మొదట్లో రెండు పూసలు కూడా చీలాయి.

కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. కోపం వచ్చిన మాట నిజమే. కానీ చేతికి తెలిసిన సంగతి ఇంకా గట్టిగా తగిలింది. 1980లో డేవిడ్ నార్మన్ అనే శాస్త్రవేత్త ఈ జంతువు మీద పెద్ద అధ్యయనం ప్రచురించాడు. కంగారూ భంగిమ కుదరదు, ఆ మలుపు రావాలంటే తోకను విరగ్గొట్టాల్సిందే అన్నది అందులో ప్రధానమైన వాదన. ఇది నేను ఎప్పుడో చదివాను. చదివి, తలూపి, మళ్ళీ అదే భంగిమకు తీగ వంచాను.

డోలోను తప్పు పట్టబుద్ధి కావడం లేదు. సరీసృపం అంటే తోక ఈడ్చుకుంటూ పోతుందని అందరూ అనుకునే కాలం. డైనోసార్ల పాదముద్రలు దొరికినచోట తోక ఈడ్చిన గీత ఎక్కడో గానీ కనిపించదన్న సంగతి తర్వాత తరాలు గట్టిగా పట్టించుకున్నాయి. బ్రస్సెల్స్ మ్యూజియంలో ఆ అస్థిపంజరాలు ఈనాటికీ అదే పాత భంగిమలో ఉన్నాయి. సరిచేద్దామంటే అవి అంత పెళుసు. కదిలిస్తే అసలుకే మోసం.

నావి మాత్రం కదిలించొచ్చు. మళ్ళీ దారాలు కట్టాను.

20వ రోజు

వీపు, తోక ఒకే అడ్డ గీతలో. చీలిన రెండు పూసలు మార్చాను, తడిక మళ్ళీ అల్లాను. ఈసారి ఒక్క ఈనె విరగలేదు. ఎదురు తిరగకుండా వాటంతట అవే కూర్చున్నాయి.

ఇప్పుడు అసలు తలనొప్పి నిలబెట్టడం. తుంటి దగ్గర ఒక్క దారం మీద వేలాడదీస్తే తల ధన్‌మని కిందికి వంగింది. ముందు బరువు, వెనక తేలిక. బతికున్న జంతువుకు తోక మొదట్లో బండెడు కండ ఉండేది, 9వ రోజున మొటిమ పెట్టానే, ఆ కండరమే. పొట్ట బరువు కూడా ఉండేది. అస్థిపంజరంలో ఈ లెక్కలేవీ ఉండవు కాబట్టి నా దారం చెప్పేదాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. నా బొమ్మ పడకుండా ఉంటే చాలు.

తోక కింద ఇనుప నట్లు కట్టుకుంటూ పోయాను. ఏడోది కట్టాక సమంగా నిలిచింది. కానీ తోక కింద నట్ల గుత్తి వేలాడుతుంటే చూడ్డానికి రోతగా ఉంది. "మామయ్యా, దీనికి గంటలు ఎందుకు కట్టావు?" అన్నాడు మావాడు.

వాడే ఇంకో మాట అన్నాడు. "చేతులు నేల మీద పెట్టేస్తే సరిపోతుంది కదా."

ఆ మాట పట్టుకుని రాత్రంతా ఆలోచించాను. నార్మన్ చెప్పింది కూడా అదే కదా. గట్టి చేతులు, దిమ్మలాంటి మణికట్టు, గిట్టలున్న మధ్య వేళ్ళు, ఇవన్నీ బరువు మోయడానికి. పెద్దయ్యాక ఇగ్వానోడాన్ ఎక్కువగా నాలుగు కాళ్ళ మీదే నడిచి ఉండాలని. 12వ రోజున ఆ గిట్టల్ని నా చేత్తో నేనే చేశాను. చేసి, చేతిని గాల్లో వేలాడదీశాను.

21వ రోజు

నట్లన్నీ విప్పేశాను. చేతులు కిందికి దించాను. అందలేదు. నేలకు రెండు వేళ్ళ ఎత్తులో ఆగిపోయాయి.

స్కేలు పెట్టి కొలిచాను. కాలు 19 సెంటీమీటర్లు, చెయ్యి 11.5. ఈ జాతిలో చేతి పొడవు కాలి పొడవులో 75 శాతం దాకా ఉంటుంది. అంటే 14 పైనే రావాలి. తప్పు ఎక్కడ జరిగిందో వెతకనక్కర్లేదు. కంగారూను మనసులో పెట్టుకుని చేశాను, కంగారూ చేతులే వచ్చాయి. లెక్క కట్టకుండా చేసిన భాగం మొత్తం మోడల్‌లో అదొక్కటే.

పై చేయి, ముంజేయి ఎముకలన్నీ తీసేసి కొత్తవి చేశాను. పాత చేతుల చివరలు, అంటే మణికట్టు నుంచి కిందికి, అలాగే వాడుకున్నాను.

23వ రోజు

కొత్త చేతులు బిగించాను. కుడి చెయ్యి నేల మీద, మధ్య మూడు వేళ్ళు ఆన్చి. ఎడమ చెయ్యి అడుగు వేయబోతున్నట్టు కొంచెం పైకి. బొటనవేలి మేకు నేలకు తగలకుండా పక్కకు తిరిగి ఉంది. అది అలా పక్కకు ఎందుకుందో అప్పుడు చూస్తే సబబుగానే అనిపించింది. నడకకు అడ్డం రాదు.

దారాలు కోశాను. ముందు తల వైపు, తర్వాత భుజం, తర్వాత తోక. తుంటి దారం కోసేటప్పుడు చెయ్యి వణికింది, ఒప్పుకుంటాను. నిలబడింది. ముందుకు వాలే ఆ బరువే, మొన్నటిదాకా ఏడు నట్లతో పోరాడిన బరువే, ఇప్పుడు కుడి చేతిని పలకకు నొక్కి పట్టుకుంది. రెండు కాళ్ళు, ఒక చెయ్యి. ముక్కాలిపీట దొరికింది, తోక లేకుండానే.

తోక చివర వేలితో తడితే మొత్తం ఒకే ముక్కలా కొంచెం ఊగి ఆగుతోంది.

25వ రోజు

వార్నిష్ మొదటి పూత వేశాను. గోడ మీది కాగితం చూసి, ప్రతి పూసనూ గోటితో నొక్కి చూశాకే. తుంటి కింద ఒకచోట ఇంకా మెత్తగా ఉంది, అక్కడ వదిలేశాను.

ఎడమ చిటికెన వేలు పూత వేస్తుండగా ఊడి ఎక్కడో పడింది. బల్ల కింద వెతికితే 18వ రోజు విరిగిన ఈనె ముక్కలు మూడు దొరికాయి గానీ వేలు దొరకలేదు. కొత్తది చేయాలి. కింది దవడకు తీగ కూడా ఇంకా వేయలేదు. రెండూ రేపటికి.